రాయి లేని రాతితొడుగు: ఝాన్ వాంగ్ ఉక్కుశిలలపై ఒక పరిశీలనము

శిల్పమనగానే మనలో పెక్కుమందికి స్ఫురించునది విగ్రహము. దేవతామూర్తియో, రాజపురుషుని ప్రతిమయో, కూడలిలో చేయి చాచి నిలిచిన నాయకుని కంచుబొమ్మయో, ఏదో యొక రూపము, ఆ రూపమునకొక పేరు ఉండవలయునని మన సంస్కారము. పేరు లేని రూపమును శిల్పమనుటకు మనము సంకోచింతుము. ఐనను కొండగుట్టల నడుమ పుట్టి పెరిగినవారికి పేరు లేని రూపము క్రొత్త గాదు. కృష్ణగిరి నుండి హోసూరునకు బస్సులో పోవువారు కిటికీ గుండ చూచిన చాలును. ఒక గుండును చూచి పిల్లలు ఏనుగందురు. బస్సు మలుపు తిరుగునప్పటికి అది తాబేలగును. మరియొక మలుపులో ఏదియు గాక ఊరక రాయిగా నిలుచును. ఆ రాతియందు మన కంటికి నచ్చినదేదో మాత్రము అట్లే యుండును. ఆ నచ్చినదానికి పేరు పెట్టక, దానినే పట్టి చూపుటకు యత్నించు కళను అమూర్త శిల్పమని పండితులు వ్యవహరించుచున్నారు.

ప్రకృతి చెక్కిన రాతి రూపములను లోహమునకు దింపిన శిల్పులు ఈ కాలమున పలువురు గలరు. వారిలో చీనా శిల్పి ఝాన్ వాంగ్ చేసిన పని విలక్షణమైనది. ఆయన 1962లో బీజింగు నగరమున జన్మించి, అచ్చటి కేంద్ర లలితకళా విద్యాపీఠమున శిల్పము నభ్యసించెను. 1995 మొదలుకొని ఆయన ‘కృత్రిమ శిలలు’ అను పేర తుప్పు పట్టని ఉక్కుతో రాళ్లను చేయుచున్నాడు. చూచుటకవి అడవిలో దొరికిన రాళ్ల వలెనే యుండును: అవే ముడుతలు, అవే గుంటలు, అవే బెజ్జములు. కాని అద్దము వలె మెరయును, లోపల బోలు. ఇది శిల్పమా, అచ్చు తీసిన పనియా, లేక శ్రీమంతుల ముంగిళ్లకై చేసిన మెరుగు సరకా యను ప్రశ్న వీనిని చూచిన వారందరికిని కలుగును. నాకును కలిగినది. ఈ మూడును కొంతకొంత నిజమే యని నా యభిప్రాయము. ఐనను మొదటిది తక్కిన రెంటికంటె ఎక్కువ నిజమని నిరూపింప యత్నించెదను.

ముందుగా చీనా వారి శిలాభిమానమును గూర్చి కొంత చెప్పక తీరదు. మనకు అది బొత్తిగా తెలియనిది గాదు. గండకీ నదిలో దొరకు శాలగ్రామమును మనము శిల్పి చేతి పని యనుకొని పూజింపము. ఏ చేయియు చెక్కనిదగుటచేతనే పూజింతుము. అది కోట్ల యేండ్ల నాటి సముద్రజీవి గుల్ల రాయిగా మారిన రూపమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. చీనా పండితులు రాతిని పూజాపీఠముపై గాక తమ వ్రాతబల్లపైనను, తోటలోను నిలిపిరి. పదునొకండవ శతాబ్దిలో మీ ఫూ (1051–1107) అను లేఖనకళాకోవిదుడుండెను. అతడు ఒక వింత రాతిని చూచి అధికార వేషముతోనే దాని యెదుట మ్రొక్కి, ‘అన్నగారూ’ యని పిలిచెనని కథ. రాతిని మెచ్చుటకు నాలుగు లక్షణములను అతడు చెప్పినట్లు సంప్రదాయము: షౌ, అనగా బక్కపలుచని నిలువుదనము, ఝౌ, అనగా ముడుతలు, లౌ, అనగా లోపల నీరు పారిన దారులు, థౌ, అనగా ఇటునుండి అటు వెలుతురు దూరు రంధ్రములు. మన ఆలంకారికులు కావ్యమునకు గుణములు చెప్పినట్లే వీరు రాతికి గుణములు చెప్పిరి. పండ్రెండవ శతాబ్దిలో దూ వాన్ అను నాతడు నూటికి పైబడిన రాళ్ల జాతులను వర్ణించి ఒక గ్రంథమునే సంతరించెను.

ఈ లక్షణములన్నియు ఒక జాతి రాతికే చక్కగా పట్టును. అది సున్నపురాయి. సూచౌ నగర సమీపమున తాయ్ హూ అను పెద్ద సరస్సు గలదు. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పమైన ఆమ్లమగును. ఆ నీరు సున్నపురాతిని పగుళ్ల వెంట కరిగించుచు పోవును. సరస్సులోని అలలు మిగిలినదానిని నునుపు చేయును. నంద్యాల జిల్లాలోని బేలం గుహలను చూచినవారికి ఈ పని బోధపడును. అచ్చట భూమి క్రింద 3 కిలోమీటర్లకు పైగా నీరు త్రవ్విన దారులు గలవు. మా కృష్ణగిరి ప్రాంతపు నల్లరాయి ఇట్లు కరుగదు. అది బయటినుండి పొరలు పొరలుగా ఉల్లిపాయ వలె ఊడుచు, మూలలు పోగొట్టుకొని గుండగును. సున్నపురాయి లోపలికి తినబడును, నల్లరాయి బయటినుండి అరుగును. ఈ భేదము ముందు ముందు మన విచారణకు పనికివచ్చును గనుక పాఠకులు గుర్తుంచుకొన గోరుదును.

ఇక్కడ ఒక విశేషము. మంచి రాళ్లకు గిరాకి పెరుగగా సరస్సు ఒడ్డున నుండువారు సామాన్యమైన రాళ్లకు ఉలితో బెజ్జములు వేసి నీటిలో ముంచి ఉంచెడివారు. ఏండ్ల తరబడి అలల తాకిడికి ఉలి జాడ మాసిపోగా వానిని తీసి సహజశిలలుగా అమ్మెడివారు. ‘సహజ’ శిల యందే కృత్రిమము చేరియుండెనన్న మాట. అంతకంటె వింత, పేరులోనే యున్నది. తోటలో ఇట్టి రాళ్లను పేర్చి చేసిన గుట్టను చీనా భాషలో ‘జియాషాన్’ అందురు. ఆ మాటకర్థము ‘కల్ల కొండ’. రాయి నిజమైనదే, కాని అది కొండకు బదులుగా నిలుచుచున్నది గనుక కల్ల. ఝాన్ వాంగ్ తన ఉక్కురాళ్లకు ఆ పాత పేరునే పెట్టెను. ఆయన నకలు తీసినది అసలుకు గాదు, అదివరకే నకలైనదానికి. ఆయనను కేవలము అచ్చు తీయువాడని తేల్చి వేయువారు ఈ పేరును గమనింపలేదని తోచును.

రాతిపై మోజు ఎంత దూరము పోగలదో చెప్పుటకు హుయిజోంగ్ చక్రవర్తి కథ యొకటి చాలును. అతడు 1100 మొదలు 1126 వరకు రాజ్యము చేసెను. స్వయముగా గొప్ప చిత్రకారుడు. కైఫెంగు రాజధానిలో గొప్ప శిలోద్యానము కట్టుటకు దక్షిణ దేశమునుండి పడవలలో రాళ్లు రప్పించెను. ఆ పడవల కొరకు వంతెనలు పడగొట్టిరి, ప్రజలను పీడించిరి. 1120లో దక్షిణమున తిరుగుబాటు చెలరేగుటకు ఆ పీడన యొక కారణము. 1127లో ఉత్తరపు జుర్చెనులు రాజధానిని గెలిచి చక్రవర్తిని బందీగా కొనిపోయిరి. ముట్టడి కాలమున ఆ తోటరాళ్లను పగులగొట్టి యంత్రములతో శత్రువులపై విసరిరని చెప్పుదురు. మెచ్చుకొన్న రాయి చివరకు గుండుగా పనికివచ్చినది! అధికారమునకును అందమైన రాతికిని గల యీ పాత పొత్తు ఉక్కురాళ్లను చూచునప్పుడును జ్ఞప్తికి రాక మానదు. వానిలో పెక్కింటిని నేడు కొని నిలుపుచున్నవారు సామాన్యులు గారు.

ఇక పని విధానము. ఝాన్ వాంగ్ తన మనస్సునకు నచ్చిన రాతిని ఎంచుకొనును. పలుచని ఉక్కురేకును ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను రాతిపై పరచి, రాతి ముడుతలన్నియు రేకునకెక్కువరకు సుత్తులతో కొట్టుదురు. కొట్టిన ముక్కలను ఊడదీసి, రాయి లేకుండనే వానిని ఒకదానితో నొకటి చేర్చి అతుకుదురు. అతుకులను అరగదీసి, మొత్తమును అద్దము వలె మెరుగు పెట్టుదురు. అతుకు ఎచ్చట నున్నదో కంటికి దొరకదు. దీనిలో మూసలేదు, కరగిన లోహమును పోయుట లేదు. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును కొట్టి రూపములు తేల్చు పనివారి చేతికిని, ఈ చేతికిని చుట్టరికము గలదు. పెంబర్తి పనివాడు తన మనస్సులోని రూపమును రేకునకెక్కించును. ఇచ్చట రూపము రాతిది. సుత్తి కేవలము దూత.

ఉక్కును గూర్చి యొక మాట. తమిళనాట మనవారందరును ఈ లోహమును ‘ఎవర్ సిల్వర్’ అందురు. ఎన్నటికిని తుప్పు పట్టని వెండి యను భావముతో పుట్టిన యీ వ్యాపారపు మాట మన వంటయింటి మాటయైనది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డున హారీ బ్రియర్లీ యను లోహశాస్త్రవేత్త చేసిన ఉక్కుతో దీని చరిత్ర ప్రసిద్ధికెక్కెను. ఇనుములో నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ గాకుండ క్రోమియము చేర్చినచో, పైన వెంట్రుక మందములో వేయవవంతు కంటెను పలుచనైన పొర యొకటి తనంతట తాను ఏర్పడి లోహమును కాపాడును; గీచినచో మరల ఏర్పడును. ఆ క్రోమియము భూమినుండి త్రవ్విన ఖనిజమే. మన దేశమున దానిలో అత్యధిక భాగము ఒడిశాలోని సుకింద లోయనుండి వచ్చుచున్నది. సేలము ఉక్కు కర్మాగారము 1980ల మొదట పనిచేయ నారంభించిన నాటినుండి ‘సేలము స్టీలు’ అను పేరు మన పెండ్లిసారెలలో చేరినది. కాన ఈ శిల్పముల లోహము మనకు పరాయిది గాదు. చెంబును, పళ్లెమును చేసిన లోహమే రాయిని చేసినది. ఝాన్ వాంగుకును ఈ సంగతి తెలియును. ఆయన ఉక్కు గిన్నెలు, పళ్లెములు, మూతలు పేర్చి నగరముల నమూనాలను నిర్మించి ప్రదర్శించియున్నాడు. అవి చూచుటకు వేడుకగా నుండునే గాని ఉక్కురాళ్ల గాంభీర్యము వానికి లేదు.

రాతికి లోహపు తొడుగు అనగానే మన ఆలయములందలి కవచములు మనస్సున మెదలును. స్వయంభూమూర్తి పెక్కుచోట్ల చెక్కని రాయి. ఆ రాతికి వెండి కవచము తొడిగి, దానిపై కన్నులు, ముక్కు, నామము తీర్చుదురు. పండుగనాడు భక్తులు కవచమును చూతురు. అభిషేకమునాడు రాతిని చూతురు. రెండును ఒకే స్వామి. మన కవచము రాతికి లేని ముఖమును ఇచ్చును. ఝాన్ వాంగ్ కవచము రాతికున్న ముడుతను మాత్రమే గ్రహించి, క్రొత్తగా ఏమియు చేర్చదు. ఆ విషయమున అది మన కవచము కంటె సత్యవాది. కాని తరువాత అది రాతిని విడిచిపెట్టును! గర్భాలయములో రాయి లేక కవచము మాత్రమే నిలిచినట్లు. ఆ బోలుతనమును గూర్చి మన మేమనుకొనవలయును? అసలు విమర్శ యిచ్చటనే యున్నది.

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు ఈ శిల్పముల ఛాయాచిత్రములను కొన్నింటిని చూపితిని. పలువురు ‘అద్దం, అద్దం’ అనిరి. రాయి కొట్టువారి యింటి పిల్లవాడొకడు మాత్రము చాలసేపు చూచి, ‘ఇది తొడుగు గదా సార్, రాయేదీ?’ అనెను. వీనిని గూర్చి నేను చదివిన దీర్ఘవ్యాఖ్యానములలో ఈ ప్రశ్నను మించినది లేదు.

పాశ్చాత్య శిల్పులతో పోల్చి చూచిన ప్రశ్న కొంత తేటపడును. ఇంగ్లండున హెన్రీ మూర్ (1898–1986) గులకరాళ్లను, చెకుముకి రాళ్లను, ఎముకలను ఏరి తెచ్చి తన పనిశాలలో పెట్టుకొనెడివాడు. 1959 మొదలు ఆయన చేసిన, రెండు ఖండములుగా విడివడి పండుకొన్న కంచు స్త్రీమూర్తులు సముద్రపుటొడ్డు కొండచరియల వలె నుండును. బార్బరా హెప్‌వర్త్ (1903–1975) 1939 నుండి కార్న్‌వాల్ సీమలో నివసించి, అచ్చటి రాతి నేలను, పూర్వులు నిలిపిన నిలువురాళ్లను మనసున నింపుకొని పనిచేసెను. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి భవనము ముందు 1964లో నెలకొల్పిన ఆమె కంచుశిల్పము, ఒక రంధ్రముతో నిలిచిన పలక, అట్టి నిలువురాతికి దూరపు బంధువే. వీరిరువురును రాతిని మానవదేహము గుండ చూచిరి. రాయి వారి చేతిలో నడుమగును, భుజమగును, తల్లియగును. రాతినుండి వారికి కావలసినది వారు తీసికొనిరి. మూర్ యొక్క కొండలో ఎల్లప్పుడును ఒక మనిషి యుండును.

ఝాన్ వాంగ్ రాతిలో మనిషి లేడు. రూపమును నిర్ణయించుటలో తన చేతికి ఆయన అధికారమీయలేదు. ఎంపిక ఆయనది, రూపము నీటిది. ఇది శిల్పి యొక్క అశక్తత యని కొందరనవచ్చును. నా కట్లు తోచదు. చీనా శిలారసికుడు చేసినదియు ఎంపికయే గదా! మీ ఫూ రాతిని చెక్కలేదు, గుర్తించెను. గుర్తించుట కళ యని ఒప్పుకొన్న సంప్రదాయములో పుట్టినవానిని, చెక్కలేదని నిందించుట న్యాయము గాదు. ఐతే ఎంపికపై నిలిచిన కళలో ఎంపిక తప్పినచో రక్షించుటకు వేరేమియు నుండదు. ఆయన రాళ్లన్నియు సమానముగా లేకపోవుటకు ఇదియే కారణము. మనిషి యెత్తునకు అటునిటుగా నుండి, ముడుతలు దట్టముగా గల రాళ్లు ఉత్తమములు. భవనముల ముందు నిలుపుటకై చేసిన అతిపెద్ద రాళ్లలో కొన్నింట మడతలు విశాలములై, మెరుగు మాత్రమే మిగిలి, రాయి మరుగైనది. అట్టివి చూడగా పెండ్లిపందిట్లో వ్రేలగట్టిన మెరుపు గోళములు జ్ఞప్తికి వచ్చినవని చెప్పిన నన్ను మన్నింతురుగాక.

ముడుత యెందుకింత ముఖ్యమనగా, ప్రతిబింబము కొరకు. సమతలమైన అద్దము మన ముఖమును మనకట్లే తిప్పియిచ్చును. ఉబ్బిన తలము ప్రతిబింబమును కుదించును. లోతైన గుంట దానిని తలక్రిందులు చేయును. తాయ్ హూ రాతి పైపొరలో ఈ రెండును వ్రేలెడు దూరములో వందలుగా నుండును. కాన దాని ఉక్కుతొడుగు ముందు నిలిచినవానికి తన ముఖము గానరాదు. చొక్కా రంగొకచోట, ఆకాశపు తునక యొకచోట, ఎదుటి భవనపు కిటికీ తలక్రిందుగా మరియొకచోట గానవచ్చును. శిల్పి మాటల సారాంశమిది: బీజింగు నగరమున గాజు మేడలు లేచుచున్న కాలమున వాని ముందు పాత తోటరాళ్లను తెచ్చి పెట్టుచుండగా అవి ఆ మేడలకు అతుకలేదు, ఆ పాత రూపమును క్రొత్త మేడల లోహమునకు మార్చినచో అతుకునని ఆయన తలచెను. అంతకుముందు 1994లో, కూల్చివేతలో నున్న ఒక పాత భవనపు శిథిలభాగమును ఆయన కడిగి, సున్నము వేసి, శుభ్రపరచెను. కొలదికాలములోనే ఆ భాగమును నేలమట్టము చేసిరి. కూలుచున్న పాత బీజింగు ఈ ఉక్కురాళ్ల వెనుక నున్నది. దాని నెరుగక వీనిని చూచిన మెరుపు మాత్రమే కనబడును.

న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో, సూచౌ నుండి వచ్చిన పనివారు కట్టిన చీనా తోట ప్రాంగణమొకటి గలదు. అది 1981లో తెరువబడినది. అందులో నిజమైన తాయ్ హూ రాళ్లు నిలిపియున్నవి. 2013 డిసెంబరు మొదలు 2014 ఏప్రిల్ వరకు జరిగిన చీనా సమకాలిక కళాప్రదర్శనలో ఝాన్ వాంగ్ ఉక్కురాయి ఆ ప్రాంగణముననే నిలుపబడినది. పాతరాయి, క్రొత్త తొడుగు ఒకే గోడల నడుమ! పాతరాయి వెలుతురును త్రాగి నీడల నుంచుకొనుచున్నది. క్రొత్తది వెలుతురును నిలువనీయక విసరివేయుచున్నది. అట్టి సన్నివేశమున రెండును గెలిచినవని నా భావము. అవి రెండును ఆ తోటలో పరదేశులే. చెప్పవలసిన చిక్కొకటి గలదు: ప్రతిబింబముతో పనిచేయు శిల్పమును ఛాయాచిత్రము చంపును. చూచువాడు కదలినకొలది కదలవలసిన రంగులు అందులో గడ్డకట్టును. అట్టి చిత్రములను చూచి ‘ఇంతేనా’ యనుకొనువారు ఇంటిలోని ఎవర్ సిల్వర్ చెంబు నొకదానిని కిటికీ దగ్గర పెట్టి, దాని ముందు అటునిటు నడచి చూడవలయును. ఆ తరువాత చిత్రమును చూచిన కొంత ఊహింపవచ్చును.

మన వంటి వారికి, అనగా పుట్టినగడ్డకు దూరముగా తరతరములుగా స్థిరపడినవారికి, ఆయన పనులలో ఎక్కువ చెప్పునది 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ఆసియా కళాశాలలో జరిగిన ప్రదర్శనమని తలంతును. 1849 నాటి బంగారు వేటలో చీనా వారు వేలకొలది కాలిఫోర్నియాకు వచ్చిరి. వారు ఆ దేశమును ‘బంగారు కొండ’ యనిరి. శాన్‌ఫ్రాన్సిస్కోకు చీనా భాషలో నేటికిని ‘పాత బంగారు కొండ’ యనియే పేరు. 1869లో పూర్తియైన రైలుమార్గము కొరకు సియెర్రా నెవాడా కొండలలో రాతిని పగులగొట్టి దారి చేసినవారు ఎక్కువగా చీనా కూలీలు. 1882లో చట్టము చేసి వారి రాకనే నిషేధించిరి. ఝాన్ వాంగ్ ఆ సియెర్రా కొండల రాళ్లనే తీసికొని వానికి ఉక్కుతొడుగులు చేసి, ఆ నగరముననే ప్రదర్శించెను. ఇవి తాయ్ హూ రాళ్లు గావు. సియెర్రా కొండలు ప్రధానముగా మన కృష్ణగిరి కొండల వంటి గట్టిరాతివి. బెజ్జములు లేవు, నీటిదారులు లేవు. మీ ఫూ చూచినచో మ్రొక్కి యుండడు. రూపమున ఇవి సూచౌ రాళ్లకు తీసికట్టే. ఐనను చీనా కన్ను అమెరికా రాతిని చూచిన విధమిది. పరదేశమున ఉన్న రాతినే ఇంటి రాతి వలె ఎంచుకొనుట! అందము తగ్గినచోట అర్థము పెరిగినది. ముందు నేను ముడుతను బట్టి చేసిన నిర్ణయమునకు ఈ ప్రదర్శనము ఒక మినహాయింపు కాగా, ఆ మినహాయింపును నేను సంతోషముతో ఒప్పుకొందును.

రాతిని పగులగొట్టి బ్రతికిన వలసజనము మనలోను గలరు. తమిళనాట ఒడ్డర్లనియు, బోయర్లనియు, కన్నడనాట భోవులనియు పిలువబడు వడ్డెరలు ఇండ్లలో తెలుగు మాటాడువారు. ఎన్నో ఊళ్ల బావులు, చెరువుకట్టలు, కోటగోడలు వారి చేతిమీదుగా లేచినవి. రాతి వాటమెటు, ఏ గీతపై ఉలి పెట్టిన అది చీలును అను విద్య వారిది. ఆ విద్యకు తెలుగులో ఎన్ని మాటలుండెనో మన నిఘంటువులు సంపూర్ణముగా నెరుగవు. సియెర్రా కొండలలో రైలుదారి కొట్టిన కూలీలకు సుమారు నూటనలుబదియేండ్ల తరువాత ఒక శిల్పి ఉక్కులో జ్ఞాపకము నిలిపెను. మన కొండలలో పనిచేసిన మనవారికి ఎవరు ఏమి నిలిపిరని ఈ సంపుటము చదువు పెద్దలను అడుగుచున్నాను.

ఉపమానము నొకింత పొడిగించుటకు అనుమతి వేడుచున్నాను. ఆంధ్రదేశమునుండి వచ్చిన చుట్టములు మన మాట విని, ‘మీది తెలుగేనా?’ యని నవ్వుట మనలో పలువురికి అనుభవము. మన తెలుగు పైన తమిళము మెరయును, కన్నడము మెరయును, ఒడియా, మరాఠీ మెరయును. చుట్టుపట్ల నున్నది ప్రతిబింబించుటచేత అది తెలుగు గాకపోయెనా? ముడుతను చూడవలయునని ఉక్కురాయి చెప్పుచున్నది. మెరుగు చుట్టుపట్లది, ముడుత మూలశిలది. విభక్తి, క్రియ, చుట్టరికపు పిలుపు, లాలిపాట వరుస నిలిచియున్నచో రాయి యేదని గుర్తుపట్టవచ్చును. కాని ఈ ఉపమానము ఇచ్చటితో ఆగవలయును. ఉక్కురాయి బోలు; మన భాష లోపల మనుష్యులున్నారు. తొమ్మిదవ తరగతి పిల్లవాడడిగిన ప్రశ్నకు ఝాన్ వాంగ్ ఇయ్యలేని సమాధానమును మన మీయగలము, ఇండ్లలో మాటాడునంతకాలము.

ఇక 2012లో బీజింగున ప్రదర్శించిన ‘నా సొంత విశ్వము’ అను పనిని గూర్చి పొగడ్తలు పెక్కు వెలువడినవి. షాన్‌డాంగ్ ప్రాంతమున ఒక పెద్ద బండను మందు పెట్టి పేల్చి, ఆరు దిక్కులనుండి అతివేగపు కెమెరాలతో చిత్రించి, చెదరిన వేలకొలది తునకలకు ఉక్కు ప్రతులు చేసి గాలిలో వ్రేలాడదీసిరి. విశ్వము పుట్టిన మహావిస్ఫోటమును తలపింపవలయునని ఉద్దేశము. శ్రమ యపారము, చూపు ఘనము. ఐనను నాకది నచ్చలేదు. మెల్లగా పనిచేసిన నీటి విద్యను పట్టి చూపిన చేయి ఇచ్చట ఒక్క క్షణపు ప్రేలుడును ఆశ్రయించినది. తునకలకు వయస్సు లేదు. పగిలిన అంచునకు ముడుత యుండదు. కోట్ల సంవత్సరముల ఓపికను ఇంతకాలము గౌరవించిన శిల్పి ఒకమారు ఓపిక కోల్పోయినట్లు కనబడుచున్నది.

దానికి విరుద్ధముగా, అన్నింటికంటె తక్కువ ఆడంబరముతో చేసిన పనియే నా దృష్టిలో అన్నింటికంటె గొప్పది. 2000లో ఆయన షాన్‌డాంగ్ తీరమునుండి పడవలో పోయి, పండ్రెండు నావిక మైళ్ల యవతల, అనగా తీరమునుండి సుమారు 22 కిలోమీటర్లు దాటి, ఏ దేశపు ఏలుబడియు లేని నీటిలో ఒక ఉక్కురాతిని విడిచెను. బోలుగా నుండుటచేత అది తేలినది. ఎవరికైనను దొరకినచో మరల సముద్రమున విడువుడని పెక్కు భాషలలో దానిపై చెక్కించెను. లోపల రాయి లేదను లోటే ఇచ్చట దానికి బలమైనది. నిజమైన రాయియైనచో అడుగంటియుండును. గోడ లేదు, కొనువాడు లేడు, ప్రతిబింబించుటకు మేడలు లేవు. అల, ఆకాశము మాత్రమే.

తుప్పు పట్టని ఉక్కునకును సముద్రము పగయే. ఉప్పునీటిలోని క్లోరైడు పైన చెప్పిన పలుచని పొరను అక్కడక్కడ పొడిచి చీల్చును; చీలినచోట సూదిమొన యంత గుంట పుట్టి, పైకి కనబడకుండ లోపలికి త్రవ్వుకొని పోవును. అది తేలుచున్న ప్రతిదినమును తాయ్ హూ అలలు సున్నపురాతికి చేసిన పనియే మరియొక నీరు ఆ రేకునకు చేయుచుండును. ఏదో యొక గుంట రేకును దాటి యవతలికి పోయిననాడు నీరు లోనికి చేరును.